నాలిక కింది గోలీ

బెళ్ళగ బర్తదవ్వా, అన్నాడు, తెల్లగా వస్తున్నదట ఇప్పుడు, అద్దానికి అటువైపు ఫోను చెవికి ఆనించుకొని నవ్వాడు కూడా, ఏడు నెలల్లో నా కొడుకు నవ్వడం ఇదే మొదటిసారి, ఆ నవ్వు చూసుకొని జైలు గేటు దాటి బస్సెక్కాను, కిటికీ పక్క సీటు కూడా దొరికింది, మరి ఈ గుబులు ఎందుకు పోదు, నవ్విన తరువాత దగ్గాడు, అందుకా, మూడుసార్లు దగ్గాడు, మూడోసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని పక్కకు తిరిగాడు, నాకు కనబడొద్దనే తిరిగాడు, ఒంటికి పోతే ఎర్రగా రావడం ఆగిపోయిందంటే దగ్గు కూడా తగ్గాలి కదా, ఎరుపు పోయింది, దగ్గు పెరిగింది, ఆధార్ చూపించమ్మా అంటున్నది కండక్టరు, చూపించాను, ఫోటోల నువ్వేనా, గింత బక్కగైనవేంది, మా జీరో టికెట్ల మీద తిరిగి తిరిగి అరిగిపోయినవా, అని చీటీ చింపి చేతిలో పెట్టింది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేను నవ్వలేదు, నేను ఎక్కడి నుంచి వస్తున్నానో తెలిసే అడిగిందా, జైలు దగ్గరి స్టాపులో ఎక్కిన వాళ్లను వీళ్లు గుర్తు పెట్టుకుంటారు, చీటీ మీద కూడా ఏమైనా గుర్తు వేస్తారేమో, తిప్పి చూశాను, ఏమీ లేదు, జహీరాబాద్ అని ఉంది, అంతవరకు నేను చదవగలను.

నీకు నీ నీడ మీద గూడ శక్ ఉంటదక్కా అంటుంది తాజ్ బేగం, మా పక్కింటిది, అల్లం కడిగే షెడ్డులో నా పక్కనే పీట వేసుకొని కూర్చుంటుంది, అనుమానం ఉండదా మరి, మా ఇంటాయన నర్సప్ప పోయిన నాడు దవాఖాన వరండాలో ఎవరో వచ్చి ఇక్కడ వేలు పెట్టమ్మా అంటే పెట్టాను, పెడితేనే పీనుగను ఇస్తారనుకున్నాను, ఆ కాగితం మీద ఏం రాసి ఉందో ఇవాళటికీ తెలియదు, ఆ తరువాతనే పలక పట్టాను, యాభై మూడేళ్లకు, వత్తులు ఇప్పటికీ నన్ను తిప్పలు పెడతాయి, చదువు వస్తే భయం పోతుందన్నారు, పోలేదు, ముందు కాగితమంటే ఒక్కటే భయం, ఇప్పుడు కాగితం మీది ఒక్కొక్క మాటకు ఒక్కొక్క భయం, మా వాడు అరెస్టయిన నాడు పోలీసులు ఇచ్చిన కాగితాన్ని రెండు రోజులు చదివాను, వాహనం, స్వాధీనం, నిందితుడు, నిందితుడు దగ్గర ఆగిపోయాను, అది నా కొడుకు పేరు ముందర ఉంది, జగదీశ్ అనే ఆయన డీసీఎం బండి నడిపేవాడు మా వాడు, అల్లం బస్తాలతో పూణె పోతుంటే చెక్‌పోస్టు కాడ ఆపారు, అల్లం కింద గంజాయి దొరికింది, నాకు తెల్వదవ్వా, బస్తాలు నేను ఎక్కియ్యలేదు, నేను వచ్చేసరికే లోడు కట్టి ఉండె అన్నాడు, నమ్మాను, కాదు, సగం నమ్మాను, కింద ఏముందని ఒక్క మాట అడగాలి కదా, అడగకుండా ఎట్లా తోలుతాడు మనిషి, బండి ఓనరు జగదీశ్ నెల తిరగకముందే బెయిలు మీద బయటికి వచ్చాడు, మా వాడు రాలేదు, ఆ లోడు అప్పగించిందెవరో, తోలమన్నదెవరో చెప్పగలవాడు మా వాడొక్కడే, అది నేను మరిచిపోలేదు, జగదీశ్ మరిచిపోయి ఉంటాడా.

దగ్గు నాలుగో నెలలో మొదలయింది, బీడీ పొగకు అనుకున్నాను, ఆ తరువాత గల్ల, అదే కఫం, పరీక్ష చేశారట, టీబీ అన్నారు, ఆరు నెలలు దినాం పొద్దున గోలీలు మింగాలె, వాళ్లే ఇస్తరు అన్నాడు, వాళ్లే ఇస్తారట, ఉత్తగనే, జైల్లో ఉన్నవాడికి మంచి గోలీలు ఎవరిస్తారు, మొదట గోలీలు వాడిదాకా రావేమోనని ఫికర్ చేశాను, మధ్యలో ఎవరో అమ్ముకుంటారనుకున్నాను, కోడిగుడ్లు ఉడకబెట్టి, నువ్వుల ముద్దలు చేసి కట్టుకొని పోయాను, బయటి తిండి లోపలికి పోదమ్మా అన్నాడు గేటు దగ్గరి జవాను, అంటూనే ఒక ముద్దను చిదిపి వాసన చూశాడు, నా ముద్దలో ఏముందోనని వాడికి అనుమానం, వాడి గోలీలో ఏముందోనని నాకు, ముద్దలన్నీ తిరిగి తెచ్చి తాజ్ బేగం పిల్లలకు పెట్టాను, తరువాత ఒక మంగళవారం నాడు మా వాడు సిగ్గుపడుకుంట చెప్పాడు, అవ్వా, ఒంటికి ఎర్రగ పోతున్నది, నేను అద్దానికి ముఖం ఆనించాను, బనీను చంకల కింద కూడా తుప్పు మరకల్లాంటి రంగు, చూశాను, కళ్లతో చూశాను, గోలీలతోనే అట్ల అయితదట, డాక్టరు ముందే చెప్పిండు, ఫికర్ చెయ్యకు, అని కూడా అన్నాడు, చెప్పడా మరి, చేసేవాడు ముందే చెప్పి పెట్టుకుంటాడు, రేపు ఎవరూ అడగకుండా.

కనబడకుండ కొడ్తరు లోపల, రక్తం పడుతుండొచ్చు, అన్నది తాజ్ బేగం, అల్లం రుద్దుకుంటూ, చేతులు ఆగకుండా, అంతకంటే పెద్ద మాట మూడు రోజులకు వచ్చింది, కల్లు దుకాణం మూల మీద జగదీశ్ బండి ఆపి, పెద్దమ్మా, మనోడు ఎట్లున్నడు, మందు సక్కగ మింగుతున్నడా, అన్నాడు, మందు సంగతి నేను తాజ్ బేగంకు తప్ప పిట్టకు కూడా చెప్పలేదు, ఇతనికి ఎట్లా తెలుసు, మందు అన్నాడు, గోలీలు అనలేదు, ఆ రోజంతా ఆ ఒక్క మాటే తిరిగింది తలలో, మందు, మా న్యాల్‌కల్ దిక్కు ఊళ్లలో మందు పెట్టిన్రు అంటే దవాఖాన మందు కాదు, గిట్టనివాళ్లు మనం తినే కూటిలో కలిపి పెట్టేది, మనిషి మెల్లమెల్లగా ఎండిపోతాడు, దగ్గుతాడు, కూడు సహించదు, ఏ డాక్టరుకూ అందదు, మా చిన్నమామ అట్లనే పోయాడన్నారు, మా వాడు కూడా అట్లనే ఎండిపోతున్నాడు, దగ్గుతున్నాడు, రక్తం పోతున్నది, అంతా ఒకదానికొకటి సరిగ్గా అతికింది, ఎంత సరిగ్గా అతికిందంటే ఆ రోజు నాకు భయంతో పాటు కొంచెం సంతోషం కూడా అయింది, దొరికింది అనుకున్నాను, కనిపెట్టాను అనుకున్నాను.

కాని వాడికి చెప్పడం ఎట్లా, ములాఖత్‌లో అద్దం అటు ఇటు ఫోన్లు, వాళ్లు వింటారు, అందరికీ తెలుసు వింటారని, అప్పుడు నాకు మా అమ్మగారి ఊరు గుర్తొచ్చింది, బీదర్ అవతల, మా ఇంట్లో కన్నడమే, నా కొడుకు దేవరాజ్ అయిదేళ్లు అక్కడ మా అవ్వ, అంటే మా అమ్మ దగ్గరే పెరిగాడు, ఈ జవాన్లు నల్లగొండ వాళ్లు, వరంగల్ వాళ్లు, వీళ్లకు కన్నడం ఏం తెలుసు, బాగున్నవా తిన్నవా అని తెలుగులో గట్టిగా అడుక్కుంటూ మధ్యలో దగ్గినట్టు చేసి, నుంగబ్యాడ, అన్నాను, మింగకు, ఆ గోలీ నుంగబ్యాడ, నాలిక కింద పెట్టుకో, బయటికి వచ్చి ఉమ్మెయ్, ఇంకో మాట కూడా చెప్పాను, అది కూడా కన్నడంలోనే, నేను తెలుగులో చెప్పేది వాళ్ల కోసం, కన్నడంలో చెప్పేదే నీ కోసం, ఎవరొచ్చి ఏం చెప్పినా, ఏ కాగితం చూపించినా, నా పేరు చెప్పినా, నంబబ్యాడ, నమ్మకు, వాడు నన్ను చూశాడు, తల ఊపాడు, అంతే, ఆ తరువాతి మంగళవారం ఇవాళ ములాఖత్ లేదు అని గేటు కాడ నుంచే పంపించారు, ఎందుకో చెప్పలేదు, ఆ వారమంతా నాకు అన్నం దిగలేదు, ఇవాళ చూశాను, ఉన్నాడు, నవ్వాడు, బెళ్ళగ బర్తదవ్వా అన్నాడు, పదిహేను రోజుల నుంచి ఒక్కటి కూడా నుంగలేదట, నేను చెప్పినట్లే చేశాడట, ఎరుపు మూడో రోజుకే పోయిందట, చూసినవా, నా అనుమానం నిజమే కదా, గోలీ ఆపితే రక్తం ఆగింది, అంటే గోలీలోనే ఉంది, నేను గెలిచాను, మరి ఆ మెడ ఏమిటి, మెడ దగ్గర ఆ రెండు ఎముకలు పోయినసారి అంత పైకి లేవు.

సదాశివపేట దాటింది, పక్క సీట్లోకి ఒకామె వచ్చి కూర్చుంది, ఒడిలో పిల్ల, పిల్ల చేతిలో జామకాయ, లారీ మీద కొత్త ట్రాక్టర్లు పోతున్నాయి, ఎర్రటివి, వరుసగా నాలుగు, ఎరుపు చూస్తే చాలు ఇప్పుడు నాకు, తల తిప్పుకొని సంచిలో చెయ్యి పెడితే ఆ కాగితం తగిలింది, జైలు గేటు బయట ఆ సారు ఇచ్చింది, హరికృష్ణ అట, టీబీ దవాఖాన మనిషి, నలభై దాటి ఉంటాయి, కళ్లద్దాల కాడకు దారం చుట్టుకున్నాడు, దేవరాజ్ అమ్మవు నువ్వేనా అని నా వెంట వచ్చాడు, నా కొడుకు పేరు తెలుసు, నా ముఖం తెలుసు, ఎట్లా తెలుసు, నువ్వు గూడ ఒకసారి పరీక్ష చేయించుకోవాలె, ఇంట్ల ఎవరికన్న దగ్గు ఉంటే చెప్పు, అన్నాడు, తరువాత గొంతు తగ్గించాడు, అమ్మా, మీ వానికి బరువు దిగుతున్నది, మందులు మింగుతున్నడనే రాస్తున్నరు, నాకు సమజైతలేదు, నీకేమన్న చెప్పిండా, అన్నాడు, నా నోటి నుంచి లాగుదామని చూస్తున్నాడు అనుకున్నాను, నాకేం తెల్సు సారు, నేను సదువురాని దాన్ని, అన్నాను, చదువు వచ్చిన తరువాత ఆ మాట అనడం అదే మొదటిసారి, ఎక్కడ సంతకం పెట్టమంటాడోనని చేతులు వెనకకు పెట్టుకున్నాను, సంతకం అడగలేదు, సదివిపిచ్చుకో అమ్మా ఎవరితోనన్న, అని ఈ కాగితం ఇచ్చి వెనక ఫోన్ నంబరు రాశాడు, జవాను ఒకడు మమ్మల్ని చూస్తున్నాడు, వీడూ వాడూ ఒకటే అనుకున్నాను, పారేద్దామనుకున్నాను, పారేసిన కాగితం మీద ఏముందో తెలియకుండా పోవడం నాకు ఒకసారి చాలు అని సంచిలో వేసుకున్నాను.

మడత విప్పాను, పైన మనిషి బొమ్మ, రొమ్ములో రెండు ఆకుల్లాంటివి, ఊపిరితిత్తులు, ఈ మాట పెద్దది, వదిలేశాను, కింద చిన్న అక్షరాలు, బస్సు ఊగుతున్నది, వేలు పెట్టి పట్టుకోవాలి అక్షరాన్ని, మం దు లు, మందులు, వా డు, వాడుతున్న, ప్పు, వాడుతున్నప్పుడు, మూ, త కింద క్రావడి, మూత్ర, మూత్రము, ఒంటికి పోయేది, నా వేలు అక్కడే నిలిచింది, మూత్రము, చెమట, క, న్నీ, ళ్లు, కన్నీళ్లు, ఎ రు పు, ఎరుపు లేదా, నా రిం జ, నారింజ రంగులో, రావ, చ్చు, రావచ్చు, అంటే వస్తుందనా, వచ్చిందనా, మళ్లీ మొదటి నుంచి, మందులు వాడుతున్నప్పుడు మూత్రము చెమట కన్నీళ్లు ఎరుపు లేదా నారింజ రంగులో రావచ్చు, ఇది మందు రంగు, రక్తము కాదు, భయపడవద్దు, చెమట అని కూడా ఉంది, బనీను, చంకల కింద తుప్పు రంగు, వీళ్లు అచ్చేసిన కాగితం కదా, వీళ్ల మాటనే ఉంటుంది, దీన్ని ఎందుకు నమ్మాలి, కాని ఇది జైలు కాగితం కాదు, అన్ని దవాఖానల్లో గోడకు అంటించేది ఇదే, మా జహీరాబాద్ దవాఖానలో కూడా చూశాను ఈ బొమ్మ, రెండు ఆకులు, అక్కడ నిలబడి చదవలేదు, జగదీశ్ ఒక్కడు నా కొడుకు కోసం రాష్ట్రమంతా కాగితాలు అచ్చేయిస్తాడా, ఇంకో వరుస ఉంది, చదవాలా, వేలు పోవడం లేదు, మ ధ్య లో, మధ్యలో మందులు, ఆ పి తే, ఆపితే జబ్బు మొం డి, మొండిగా మారును, ప్రా ణా ని కి, ఇక చదవలేదు, ఆ మాట తరువాత ఏముంటుందో అక్షరాలు రానివాళ్లకు కూడా తెలుసు.

తెల్లగా వస్తున్నదంటే మందు లోపల లేదని, ఎర్రగా వచ్చినన్నాళ్లే మందు వాడి ఒంట్లో తిరిగింది, అంటే గోలీలు వాడిదాకా వచ్చాయి, ఎవరూ అమ్ముకోలేదు, ఎవరూ కొట్టలేదు, దినాం పొద్దున ఎవరో లెక్కగా తెచ్చి వాడి చేతిలో పెట్టారు, నేను ఆపించాను, పదిహేను రోజులు, దగ్గు అందుకే, మెడ ఎముకలు అందుకే, మరి జగదీశ్‌కు ఎట్లా తెలుసు, తాజ్ బేగం మరిది సర్వర్ జగదీశ్ బండ్లకే టైర్లు వేస్తాడు కదా, ఆమె నోట్లో మాట నిలవదు, అంతేనా, అంతే అయి ఉంటుందా, ఏమో, ఉండనీ, జగదీశ్ సంగతి జగదీశ్‌దే, కాని మా వాడికి డాక్టరు చెప్పాడు, రంగు మారుతుందని ముందే చెప్పాడు, వాడికి తెలుసు, తెలిసి కూడా నేను ఒక్క మాట అనగానే అన్నీ ఉమ్మేశాడు, ఎందుకవ్వా అని అడగలేదు, అందులో ఏముందని అడగలేదు, నేను చెబితే చాలు, అట్లాంటివాడు బస్తాల కింద ఏముందని ఏం అడుగుతాడు, పిచ్చి కొడకా, అడగాలిరా, అమ్మనైనా అడగాలిరా.

ఫోను తీశాను, నంబరు ఒక్కొక్కటి చూసి నొక్కాను, పక్కామె చూస్తున్నది, ఇంట్లో కాదు, రోడ్డు మీద కాదు, బస్సు నిండా మనుషులు, ఊళ్లో అందరికీ నా కొడుకు పూణెలో బండి నడుపుతున్నాడనే చెప్పుకున్నాను, ఈ బస్సులో మా వాడకట్టు వాళ్లు ఎవరైనా ఉన్నారేమో, ఉండనీ, హలో అన్నాడు, సారూ నేను దేవరాజ్ తల్లిని, జైల్ల టీబీ ఉన్నదే, ఆ దేవరాజ్, అన్నాను, పక్కామె పిల్లను అటు మార్చుకొని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, పెట్టుకోనీ, మా వాడు గోలీలు మింగుత లేడు సారు, నాలిక కింద పెట్టుకొని ఉమ్మేస్తున్నడు, నేనే చెప్పిన, వాని తప్పు లేదు, వాణ్ని ఏం అనొద్దు, ఎన్ని దినాలాయె అన్నాడు, పదిహేను అన్నాను, ఇంక తిడతాడనుకున్నాను, తిట్టలేదు, ఇప్పుడన్న చెప్పినవ్ అమ్మా, నేనింకా గేటు కాడనే ఉన్న, డాక్టర్ సాబ్‌తోని మాట్లాడి ఇయ్యాలనే మళ్ల చూపిస్త, కాని నేను చెప్తే వింటడా, అన్నాడు, నోరు తెరిపిచ్చి చూస్తం, ఎన్ని దినాలని చూస్తం, వాడే మింగాలె గద.

వినడు, ఈ సారు చెబితే వినడు, డాక్టరు చెబితే వినడు, నేను కాగితం మీద రాసి పంపినా వినడు, మీ అమ్మ పంపింది అంటే అస్సలు వినడు, నేనే కదా చెప్పింది, అన్ని దారులకు నేనే అడ్డం నిలబడి వచ్చాను, ములాఖత్ మళ్లీ మంగళవారమే, ఏడు రోజులు, ఒక్క దారి ఉంది, అది నా నోట్లో ఉంది, దాన్ని ఈ మనిషికి ఇవ్వాలి, ఈయన ఎవరో నాకు తెలియదు, గంట కింద ఈయనకు అబద్ధం చెప్పి వచ్చాను, ఒకవేళ నేను అనుకున్నదే నిజమై, ఈయన జగదీశ్ మనిషే అయితే, నా కొడుకు ఎవరి మాట నమ్ముతాడో ఆ మాటను ఎత్తి ఈయన చేతిలో పెట్టినట్టే, ఆ తరువాత ఈయన ఏం మింగమంటే అది మింగుతాడు, ఎందుకని అడగడు, అమ్మా, ఉన్నవా, అంటున్నాడు ఫోన్లో, ఉన్న సారు, అన్నాను, వానికి తెలుగుల చెప్పకండి, నేను చెప్పినట్లు అనండి, నుంగప్పా, నిమ్మవ్వ హేళ్యాళ, మింగు నాయనా, మీ అమ్మ చెప్పింది అని, ఏమన్నాడు, నంగప్పా అన్నాడు, నంగప్పా కాదు సారు, నుం, నుం, కొమ్ము ఉన్నది, ఇంకోసారి అనండి, నిమ్మవ్వ, కాదు, వ కింద వత్తు, గట్టిగా అనాలి, లేకపోతే వాడు నమ్మడు, హేళ్యాళ, మళ్లీ, బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు, చదువుకున్న మనిషి, అటు నుంచి బడిపిల్లవాడిలా ఒక్కొక్క అక్షరం పలుకుతున్నాడు, నాలుగోసారి సరిగ్గా అన్నాడు, సరిగ్గా మా అవ్వ అన్నట్టే అన్నాడు, సారూ మీరు ఎవరు అని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు, పోండి సారు, జల్ది పోండి, అని ఫోను పెట్టేశాను, అనుమానం పోయిందా అంటే పోలేదు, అది నాతో పుట్టింది, నాతోనే పోతుంది, కాని ఈసారి దాన్ని నా దగ్గరే పెట్టుకోవాలి, కొడుకు నోట్లో పెట్టకూడదు, వాడు ఉమ్మడు, నేను పెట్టింది ఏదైనా వాడు మింగేస్తాడు.